మీరు అప్పిచ్చినాయన జనం సొమ్ము ముంచాడంటే: ఆ కేసు మీ మెడకు చుట్టుకోకుండా ఏం చేయాలి

పలాసలో ఒకాయనకు జీడిపప్పు ఫ్యాక్టరీ ఉందనుకుందాం. మీరు ఆయనకు 20 లక్షలు అప్పిచ్చారు. నూటికి రూపాయిన్నర వడ్డీ, ఫ్యాక్టరీ స్థలం తనఖా. అదే సమయంలో ఆయన కాశీబుగ్గ, మందస, సోంపేట వైపు ఓ యాభై మంది దగ్గర సీజన్ పెట్టుబడి అని డబ్బు పోగేశాడు. మీ డబ్బుతో గింజ కొంటాను, పప్పు అమ్మాక లాభంలో వాటా ఇస్తాను అన్నాడు. ఓ పొద్దున్న ఫ్యాక్టరీకి తాళం పడింది. ఆ యాభై మందీ స్టేషన్లో ఇచ్చిన కంప్లైంటులో ఆయన ఏ1 (మొదటి ముద్దాయి), మీరు ఏ4. "మా డబ్బు పట్టుకెళ్లి ఈయన బాకీ తీర్చాడు. ఈయనకీ అంతా తెలుసు" అని రాశారు.

"నేనూ మునిగినవాణ్నే కదండీ" అంటారు మీరు. నిజమే, కానీ కోర్టులో అది జవాబు కాదు. ఆయన చేతిలో ఉన్నది పరాయి సొమ్మని మీకు తెలుసా, తెలిస్తే ఏ తారీఖున తెలిసింది? కేసంతా ఆ తారీఖు చుట్టూనే తిరుగుతుంది. కింద చెప్పేవన్నీ ఆ తారీఖును మీ వైపు నిలబెట్టుకునే పనులు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సొంత డబ్బు వడ్డీకి ఇచ్చేవాళ్లను, చిన్న ఫైనాన్స్ నడిపేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి పని: వాళ్లది నమ్మి అప్పగించిన సొమ్మా, ఉత్త అప్పా తేల్చుకోండి

కంప్లైంటులో నమ్మకద్రోహం అని రాసినంత మాత్రాన అది నమ్మకద్రోహం అయిపోదు. యాభై మందిలో ఎక్కువమంది దగ్గర ఉండేది ప్రోనోటో, "ఇంత ముట్టినది, ఇంత వడ్డీ ఇస్తాను" అనే కాగితమో. అలా ఇచ్చిన డబ్బు తీసుకున్నవాడిదైపోతుంది. ఆయన బాకీదారు అవుతాడు తప్ప ట్రస్టీ, అంటే పరాయి సొమ్మును నమ్మకంగా కాపాడాల్సినవాడు కాడు. ఆ డబ్బులోంచి మీ బాకీ తీర్చినా వాళ్లు మీ వెంట పడటానికి పెద్దగా ఆధారం ఉండదు.

కొందరి కాగితం వేరేగా ఉంటుంది. "ఈ సొమ్ము గింజ కొనడానికి మాత్రమే, విడిగా ఖాతాలో ఉంచాలి, కొనకపోతే వెనక్కి ఇవ్వాలి" అని ఉంటే ఆ డబ్బుకు ఒక పని కట్టేసినట్టు. దాన్ని వేరే పనికి వాడితే ట్రస్టు ఉల్లంఘన అనే వాదనకు బలం వస్తుంది. ఇంగ్లండులో 1968లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన క్విస్ట్‌క్లోజ్ కేసు సరిగ్గా ఇదే. వాషింగ్ మెషీన్లు అమ్మే రోల్స్ రేజర్ అనే కంపెనీ వాటాదార్లకు డివిడెండ్ పంచడానికని ఒకరి దగ్గర అప్పు తెచ్చి బ్యాంకులో విడిగా వేసింది. పంచకముందే కంపెనీ మునిగింది. బ్యాంకు ఆ డబ్బును కంపెనీ పాత బాకీ కింద జమ వేసుకుంది. అది ఎందుకోసం వచ్చిన డబ్బో బ్యాంకుకు ముందే తెలుసు కాబట్టి వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. మన కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడి ఉండాలని లేదు గానీ, ప్లీడర్లు ఎత్తి చూపిస్తారు.

అందుకే నోటీసు రాగానే జవాబు రాయడానికి కూర్చోకండి. వాళ్లు ఏ కాగితం మీద డబ్బిచ్చారో కాపీలు పంపమని ముందు అడగండి. యాభై మందినీ ఒకే గాటన కట్టకుండా ఎవరి కాగితం వాళ్లదిగా చూడండి.

రెండో పని: అప్పిచ్చే రోజునే ఫైలు కట్టండి

1882 నాటి భారత ట్రస్టుల చట్టం 63వ సెక్షన్ ప్రకారం ట్రస్టు ఆస్తి పరాయివాళ్ల చేతికి వెళ్లినా అసలు హక్కుదారులు దాన్ని వెంటాడవచ్చు. 64వ సెక్షన్ మీకు రక్షణ. మంచి నమ్మకంతో, విలువ ఇచ్చి, ట్రస్టు సంగతి తెలియకుండా ఆస్తి మీద హక్కు తీసుకున్నవాడిని కదపకూడదంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది. డబ్బు ఇచ్చినప్పుడు గానీ, దస్తావేజు రాసినప్పుడు గానీ మీకు సంగతి తెలిసి ఉండకూడదు. అంటే డబ్బు జనవరిలో ఇచ్చేసి, "తనఖా తరవాత చూద్దాంలెండి" అని ఏప్రిల్‌లో రిజిస్టర్ చేయించుకుంటే, మధ్యలో మార్చిలో ఊళ్లో గొడవ మొదలైతే, ఆ కవచానికి చిల్లు పడినట్టే. మన వైపు మొహమాటానికి ఇలా వాయిదా వేయడం మామూలే. అలా వద్దు. తనఖా రిజిస్ట్రేషన్, డబ్బు బదిలీ ఒకే రోజు జరగాలి.

తెలియకపోవడం అంటే కళ్లు మూసుకోవడం కాదు. వాకబు చేయాల్సిన చోట కావాలని చేయకపోయినా, ఘోరంగా అజాగ్రత్తగా ఉన్నా, తెలిసినట్టే లెక్క అని ఆస్తి బదలాయింపు చట్టం చెబుతుంది. రిజిస్టరైన దస్తావేజులో ఉన్న విషయం మీరు చదవకపోయినా మీకు తెలిసినట్టే. మీ గుమస్తాకి ఆ పని మీద తెలిసింది కూడా మీకు తెలిసినట్టే. అందుకని ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించండి, లింక్ డాక్యుమెంట్లు చూడండి, పొలమైతే అడంగల్, 1బీ చూడండి. కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లో దాని ఆస్తుల మీద ఛార్జీలు, అంటే వేరే అప్పులవాళ్ల హక్కులు, ఉన్నాయేమో చూడండి. అన్నీ ప్రింటు తీసి, తారీఖు వేసి ఫైల్లో పెట్టండి. నాలుగేళ్ల తరవాత "అప్పట్లో చూశాను" అని నోటితో చెబితే ఎవరూ వినరు.

ఆ ఫైల్లోనే అప్పు తీసుకునే ఆయనతో ఒక పేజీ రాయించుకోండి. బయట ఎవరెవరి దగ్గర డబ్బు తీసుకున్నారు, ఏ షరతు మీద తీసుకున్నారు, తనఖా పెడుతున్న ఆస్తి వాళ్ల డబ్బుతో కొన్నదా కాదా, ఈ మూడూ ఉండాలి. ఆయన అబద్ధం రాస్తే రాశాడు, మోసం ఆయన మీదే ఉంటుంది. నిజం రాస్తే మీకు ఆ రోజే తెలుస్తుంది. అప్పు ఇవ్వకుండా లేచి రండి.

డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. పెనాల్టీ తీసుకున్నవాడికే పడుతుంది గానీ, మీకు జరిగే నష్టం వేరు. మీరు నిజంగా 20 లక్షలు ఇచ్చారని రుజువు లేకపోతే 'విలువ ఇచ్చి' అన్న మాటే నిలవదు.

భోగాపురం వైపు వెంచర్లకు అప్పిచ్చేవాళ్లకు ఒక మాట

విమానాశ్రయం పనులు మొదలయ్యాక భోగాపురం, డెంకాడ చుట్టూ లేఅవుట్లకు వడ్డీకి డబ్బిచ్చేవాళ్లు పెరిగారు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటుకు రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి. కొనేవాళ్ల దగ్గర వచ్చిన డబ్బులో 70 శాతం విడిగా ఒక ఖాతాలో ఉంచాలి. ఆ ఖాతా నుంచి మీకు వడ్డీ చెక్కు వచ్చిందంటే చెక్కు మీద ఖాతా పేరే మీకు విషయం చెప్పేసినట్టు. ఇంకోటి, ప్లాటుకు అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రాసేశాక ప్రమోటర్ దాన్ని తనఖా పెట్టకూడదు. పెట్టినా కొన్నవాళ్ల హక్కుకు భంగం రాదని రెరా చట్టం 11వ సెక్షన్లో ఉంది. అంటే మీ చేతిలో రిజిస్టర్డ్ తనఖా ఉన్నా, ముందే అగ్రిమెంటైన ప్లాట్ల వరకు అది కాగితమే. ఏ ప్లాట్లు ఎవరికి రాశారో జాబితా తీసుకుని, మిగిలినవే సర్వే నంబర్లు, హద్దులతో రాయించుకోండి.

మూడో పని: అప్పు ఇచ్చినవాడిలాగే ఉండండి

వడ్డీ తీసుకునేవాడు వడ్డీ దగ్గరే ఆగాలి. లాభంలో వాటా అడగడం, వారానికోసారి వెళ్లి గల్లా దగ్గర కూర్చోవడం, ఎవరికి ముందు చెల్లించాలో చెప్పడం మొదలుపెడితే మీరు బయటివాడిగా కనపడరు. లాభంలో వాటా తీసుకున్నంత మాత్రాన భాగస్వామి అయిపోరని భాగస్వామ్య చట్టంలోనే ఉంది. కానీ యాభై మంది వచ్చి "ఈయన రోజూ ఫ్యాక్టరీలోనే ఉండేవాడు" అంటే ఆ సెక్షన్ ఒక్కటే మిమ్మల్ని మోయలేదు.

అంతకంటే ప్రమాదం, మనుషుల్ని తీసుకెళ్లి పరిచయం చేయడం. మీ తోడల్లుడు డబ్బు ఎక్కడ పెట్టాలా అని అడుగుతాడు. "మా పలాస ఆయన మంచోడు, రెండు రూపాయలు ఇస్తాడు" అంటారు మీరు. మీ మనసులో ఏ దురుద్దేశమూ లేదు. కానీ పోలీసు వాంగ్మూలంలో మొదటి వాక్యం అదే అవుతుంది: "ఈయన మొహం చూసి వేశాం." కమీషన్ తీసుకుంటే మరీ చిక్కు. ఓపెనింగ్ ఫ్లెక్సీలో మీ ఫొటో వేస్తామన్నా వద్దనండి.

నాలుగో పని: సంగతి తెలిసిన రోజు ఏం చేస్తారు

అప్పు ఇచ్చిన రోజు కంటే తిరిగి పుచ్చుకున్న రోజే ఎక్కువమందిని ముంచుతుందని నా అభిప్రాయం. ఇచ్చేటప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు. బోర్డు తిప్పేసే ముందు నెలలో మాత్రం అందరికీ కొంత కొంత తెలుస్తుంది.

ఆ ఫోను ఇలా వస్తుంది. "బాబాయ్, పరిస్థితి బాగోలేదు. జనాలకి తెలిసేలోపు మీది మీరు తీసేసుకోండి. రేపు పన్నెండు లక్షలు వేస్తాను." వినడానికి చల్లగా ఉంటుంది. నమ్మకస్తుడు, మనల్ని మునగనివ్వలేదు అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క మాటతో ఆయన మీకు మూడు విషయాలు చెప్పేశాడు. వ్యాపారం దివాళా తీస్తోంది, ఇంకా చాలామందికి ఇవ్వాలి, వాళ్లను దాటి మీకు ఇస్తున్నాడు. ఆ పన్నెండు లక్షలు కిందటి వారం ఎవరో గింజ కొనమని ఇచ్చినవే అయితే, మీరు తెలిసి పుచ్చుకున్నారని చెప్పడానికి ఆ ఫోను చాలు.

డబ్బు విషయంలో చట్టం ఉదారంగానే ఉంది. చేతులు మారుతూ మంచి నమ్మకంతో ఉన్నవాడికి చేరిన నోట్లను వెంటాడటానికి 64వ సెక్షన్ ఒప్పుకోదు. నిరుడు నెలనెలా వచ్చిన వడ్డీ గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. ఆ ఫోను తరవాత వచ్చింది మాత్రం వేరు.

కాబట్టి ఫోను పెట్టేయగానే ఆయనకు రాతపూర్వకంగా అడగండి: ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? సొంత పొలం అమ్మితే ఆ దస్తావేజు కాపీ, పప్పు అమ్మితే బిల్లు, కొన్నవాడి ఖాతా నుంచి వచ్చిన జమ చూపించమనండి. చూపిస్తే బ్యాంకు ద్వారా తీసుకుని రసీదులో ఆ వివరం రాయండి. చూపించకపోతే తీసుకోకండి. నా డబ్బు నా చేతిదాకా వస్తే వదిలేయాలా అని కోపం రావచ్చు, న్యాయమే. ఈ పన్నెండు లక్షల కోసం క్రిమినల్ కేసులో ముద్దాయిగా ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగడం లాభమో నష్టమో లెక్క వేసుకోండి.

తీసుకున్నా అది మీ దగ్గర నిలుస్తుందన్న గ్యారంటీ లేదు. ఆయన మూడు నెలల్లోపు ఐపీ (దివాళా పిటిషన్) పెడితే, మిగతావాళ్లను కాదని మీకే ఎక్కువ ముట్టజెప్పాలని చేసిన చెల్లింపును 1920 నాటి ప్రొవిన్షియల్ దివాళా చట్టం కింద రద్దు చేయించవచ్చు. కంపెనీ అయితే దివాళా స్మృతి ప్రకారం ఏడాది వెనక్కి, మీరు కంపెనీకి సంబంధీకులైతే రెండేళ్లు వెనక్కి చూస్తారు.

ఆ రోజు నుంచి కొత్తగా ఒక్క రూపాయి ఇవ్వకండి. "ఇంకో ఐదు లక్షలు సర్దితే అందరికీ నచ్చజెబుతాను" అంటాడు. ఆ ఐదు లక్షలకు తనఖా రాయించుకున్నా, తెలిసి రాయించుకున్న తనఖా అవుతుంది. వాట్సాప్ చాట్లు చెరిపేయకండి. మీవి చెరిపినా ఆయన ఫోన్లో ఉంటాయి. చెరిపారన్నదే మీకు ఎదురు తిరుగుతుంది.

ఐదో పని: నోటీసు, దావా

లాయరు నోటీసుకు జవాబు మానొద్దు. "ఆయన మంచివాడే, కాస్త టైమివ్వండి" లాంటి వాక్యాలు మాత్రం రాయొద్దు, ఆయన తరఫు మనిషిలా కనపడతారు. మీరు ఎప్పుడు, ఎంత, ఏ ఖాతా నుంచి ఇచ్చారు, తనఖా నంబరు, ఏ తారీఖు దాకా మీకు ఏమీ తెలియదు, అంతవరకు రాస్తే చాలు.

తనఖా ఆస్తి మీద ఇంజంక్షన్ తెస్తారని అనుమానం ఉంటే ముందే కేవియట్, అంటే నా మాట కూడా వినమని కోర్టుకు ముందస్తు అర్జీ, వేయించండి. 90 రోజులు పనిచేస్తుంది, ఆలోపు మీ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వరు. దావా సమన్లు అందితే 30 రోజుల్లో జవాబు దావా వేయాలి. కోర్టు ఒప్పుకుంటే 90 దాకా సాగుతుంది.

మీ వైపు నుంచి కూడా దావా వేయాలి, చూస్తూ కూర్చోకూడదు. ప్రోనోటుకు మూడేళ్లు, తనఖాకు పన్నెండేళ్లు గడువు. ఇక్కడ కొందరు ప్రోనోటు మీద డిక్రీ తెచ్చుకుని, ఆస్తి జప్తు చేయించి వేలంలో తామే పాడుకుంటారు. ట్రస్టు ఆస్తి విషయంలో అలా కొన్న డిక్రీదారు 'విలువ ఇచ్చి కొన్నవాడు' కిందకు రాడని 64వ సెక్షన్లోనే ఉంది. ముందుగా రాయించుకున్న తనఖాకు ఉన్న బలం దానికి లేదు.

ఆరో పని: పోలీసులు పిలిస్తే

2024 జులై 1 నుంచి జరిగినదైతే భారతీయ న్యాయ సంహిత 316 నమ్మకద్రోహం, 318 మోసం. అంతకుముందుదైతే పాత ఐపీసీ 406, 420. నమ్మకద్రోహానికి ముందు అప్పగింత ఉండాలి. మీకు ఎవరూ ఏమీ అప్పగించలేదు. అందుకే మీ మీద పెడితే కుట్ర అనో, 317 కింద అనో పెడతారు. నమ్మకద్రోహం చేసిన సొమ్ము కూడా 317 దృష్టిలో దొంగసొత్తే, తెలిసి పుచ్చుకోవడం నేరం. మళ్లీ ఆ తారీఖు దగ్గరికే వచ్చాం.

నోటీసు ఏ సెక్షన్ కింద వచ్చిందో చూడండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చినది) 179 అయితే సాక్షిగా పిలిచారు, 94 అయితే కాగితాలు తెమ్మన్నారు, 35(3) అయితే మిమ్మల్ని అనుమానిస్తున్నారు. మూడో రకం వస్తే ప్లీడరు గారిని కలవకుండా స్టేషన్ గడప తొక్కొద్దు, ముందస్తు బెయిలు గురించి ఆ రోజే అడగండి. ఏ కాగితం ఇచ్చినా కాపీ ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఖాతా ఫ్రీజ్ చేస్తే మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేయాలి. ఖాతా మొత్తం కాకుండా వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపమని అడగొచ్చు.

ఏడో పని: ప్రభుత్వం జప్తు చేస్తే

ఇలా డిపాజిట్లు పోగేసినవాళ్ల మీద మన రాష్ట్రంలో 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం ఉంది, కేంద్రానిది 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం. అగ్రిగోల్డ్ ఆస్తులు జప్తు అయింది 1999 చట్టం కిందనే, అది ఎన్నేళ్లు నడుస్తోందో మన జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. 2019 చట్టంలో అప్పిచ్చినవాళ్లను కలవరపెట్టే మాట ఒకటుంది. సర్ఫేసీ (బ్యాంకులు తనఖా ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకునే చట్టం), దివాళా స్మృతుల్లో చెప్పినవి తప్ప, మిగతా అన్ని బాకీల కంటే డిపాజిటర్లకే ముందు చెల్లించాలి. బ్యాంకుకు సర్ఫేసీ ఉంది. సొంత డబ్బు వడ్డీకి ఇచ్చిన మీకు లేదు. తనఖా ఉంది కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

మంచి నమ్మకంతో కాకుండా, తగిన విలువ లేకుండా చేతులు మారిన ఆస్తిని తీసుకున్నవాడి దగ్గర కూడా జప్తు చేసే అధికారం ఈ చట్టాల కింద పెట్టిన ప్రత్యేక కోర్టుకు ఉంది. ఆ నోటీసు వస్తే గడువు లోపల హాజరై రెండో పనిలో చెప్పిన ఫైలు మొత్తం దాఖలు చేయండి. అది ఉన్నవాళ్లకు, లేనివాళ్లకు తేడా తెలిసేది అక్కడే.

ఒకవేళ మీరూ చుట్టాలు కానివాళ్ల దగ్గర రూపాయికి తెచ్చి రెండు రూపాయలకు తిప్పుతుంటే, ఈ చట్టాలు మీ ఇంటి తలుపూ తట్టగలవు. ఆ సంగతి ప్లీడరు దగ్గర దాచకండి.

రాజీ కుదిరితే

ఊళ్లో పెద్దమనుషుల్లో పెడతారు. మీ తనఖాలో కొంత వదులుకుంటే వాళ్లు మీ మీద కేసు వదులుతామంటారు. చాలాసార్లు ఇది మంచి బేరమే. కానీ తెల్లకాగితం మీద "నా వల్ల జరిగిన నష్టానికి" అని రాసి సంతకం పెట్టొద్దు. బాధ్యత ఒప్పుకోకుండా, గొడవ తెగడానికి మాత్రమే ఇస్తున్నట్టు ఉండాలి. నమ్మకద్రోహం కేసు కోర్టు అనుమతి ఉంటేనే రాజీ అవుతుంది, పెద్దమనుషుల కాగితంతో ఎఫ్ఐఆర్ పోదు. డిపాజిటర్ల చట్టం కింద జప్తయిన ఆస్తిని మీరూ వాళ్లూ మాట్లాడుకుని పంచుకోవడం కుదరదు, ఆ కోర్టు చేతిలోనే ఉంటుంది. మిగతా సివిల్ తగవు శ్రీకాకుళంలో అయినా విజయనగరంలో అయినా లోక్ అదాలత్‌కు తీసుకెళ్లండి. అక్కడి అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. సంతకం పెట్టినవాళ్లనే అది కట్టడి చేస్తుంది కాబట్టి, యాభై మందిలో నలభై ఎనిమిది మందే వస్తే మిగతా ఇద్దరి మొత్తం వదులుకునే డబ్బులో కలపకుండా పక్కన ఉంచి, ఆ తరవాతే సంతకం చేయండి.